ఆదివారం పఠనాల మీద నాలుగు మాటలు ఎట్ల తయారు చేసుకోవాలె (ఆగమన కాలం రాకముందే చదువుకోండి)

పఠనాలంటే ఆదివారం పూజలో చదివే బైబిల్ భాగాలు, ఆగమన కాలమంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం. ప్రతి నవంబర్ల ఇదే కథ. క్రీస్తురాజు పండుగ (ఆగమన కాలానికి ముందు ఆదివారం) దగ్గర పడంగనే ఫోన్లు మొదలైతయి, "అన్నా వచ్చే ఆదివారం పఠనాలు ఏవి", "అన్నా వార్డు ప్రార్థనల ఈసారి నన్ను మాట్లాడమన్నరు, ఏం చెప్పాలె", "యూట్యూబ్‌ల ఒకటి దొరికింది, అదే చెప్తే నడుస్తదా". ఒక్కొక్కరికి ఒక్కోసారి చెప్పుకుంట పోతే నాకు కూడా ఓపిక అయిపోతుంది, అందుకే మొత్తం ఒక్క దగ్గర రాసి పెడుతున్న. ఇగ అడిగినోళ్ళకు ఇదే పంపిస్త.

ముందుగాల ఒక్క మాట. పూజలో సువిశేషం (యేసు ముచ్చట చెప్పే పఠనం) తర్వాత చేసే ప్రసంగం ఫాదర్‌ది, లేకుంటే డీకన్‌ది, చర్చి చట్టం 767వ నిబంధన గదే చెప్తది. మనం తయారు చేసేది దానికి పోటీ కాదు. వార్డు ప్రార్థన (ఒక వాడ కుటుంబాలు కలిసి చేసుకునేది), ఇంట్ల కుటుంబ ప్రార్థన, యూత్ మీటింగ్, నెలకు ఒక్కసారో రెండుసార్లో పూజ దొరికే ఊళ్ళల్ల ఉపదేశి గానీ పెద్దమనిషి గానీ నడిపే వాక్య ప్రార్థన, వీటికోసం. పఠనం చదివేటోళ్ళకు కూడా పనికొస్తది, ఎందుకంటే అర్థం తెలిసి చదివినోని గొంతు వేరే ఉంటది, ఎనుక బెంచీల కూసున్నోళ్ళకు కూడా తెలిసిపోతది.

ఏమేం కావాలె

కథోలిక బైబిల్ ఒకటి, అంటే 73 పుస్తకాలున్నది. చాలామంది ఇండ్లల్ల పక్కింటోళ్ళు ఇచ్చిందో, స్టేషన్ల పంచిందో 66 పుస్తకాల బైబిల్ ఉంటది, దాంట్ల బారూకు ఉండదు, సీరా ఉండదు, తోబీతు ఉండదు. సి సంవత్సరం (ఈ ఏ, బి, సి సంగతి కింద చెప్త) ఆగమన కాలం రెండో ఆదివారం మొదటి పఠనమే బారూకు 5వ అధ్యాయం, శనివారం రాత్రి పది గంటలకు వెతికితే ఎక్కడ దొరుకుతది?

ఈ ఏడు ఆరాధనా క్యాలెండర్. మీ విచారణ గుడిల అడిగితే ఇస్తరు. పాతది గోడ మీద నుంచి తీసేయండి, తీసి దాచుకోండి గానీ గోడ మీద మాత్రం ఉంచకండి.

ఒక నోట్‌బుక్, పెన్ను. ఫోన్ ఉంటే టైం చూసుకోనీకి. ఇంకా మీరు చెప్పేది వినేటోళ్ళు ఇంట్ల ఒక్కరు, చిన్నపిల్లలైతే ఇంకా మంచిది.

1. ఏ సంవత్సరమో ముందు తేల్చుకోండి

ఆదివారం పఠనాలు మూడేండ్లకు ఒక చుట్టు తిరుగుతయి. వాటికి ఏ (A), బి (B), సి (C) అని పేర్లు: 'ఏ' సంవత్సరం మత్తయి, 'బి' సంవత్సరం మార్కు, 'సి' సంవత్సరం లూకా. యోహాను సువిశేషానికి సొంత సంవత్సరం లేదు, తపస్సు కాలంల (ఈస్టర్ ముందు), పాస్క కాలంల (ఈస్టర్ నుంచి) వస్తది, బి సంవత్సరంల మధ్యల కూడా వస్తది (మార్కు 16 అధ్యాయాలే గదా, చిన్నది, ఏడాది మొత్తానికి సరిపోదు).

ఏ సంవత్సరమో తెలుసుకోవడం అల్కగ ఉంటది. సంవత్సరం నంబరును 3తోని భాగించండి. ఏమీ మిగలకుంటే సి, ఒకటి మిగిలితే ఏ, రెండు మిగిలితే బి. గంతే.

కానీ అందరూ బోల్తా పడేది ఇక్కడనే. మన ఆరాధనా సంవత్సరం జనవరిల మొదలుకాదు, ఆగమన కాలం మొదటి ఆదివారం మొదలైతది. ఆ ఆదివారం నవంబర్ 27కు, డిసెంబర్ 3కు మధ్యల ఎప్పుడన్నా రావచ్చు. అంటే ఆ రోజు నుంచి మీరు వచ్చే ఏడు నంబరు పట్టుకొని లెక్క చేయాలె. 2026 నవంబర్ 29న ఆగమన కాలం మొదలైతది, గోడ మీద క్యాలెండర్ 2026 అనే చెప్తుంటది గానీ మన లెక్కకు అది 2027. 2027ను మూడుతోని భాగిస్తే రెండు మిగులుతది, బి సంవత్సరం, మార్కు. తర్వాత 2027 నవంబర్ 28 నుంచి సి, 2028 డిసెంబర్ 3 నుంచి మళ్ళీ ఏ.

ఇది నేను పుస్తకంల చదివి చెప్తలేను, నెత్తి మీద పడ్డంక నేర్చుకున్న. 2022 నవంబర్ 27, ఆదివారం. 2022 మూడుతోని నిక్కచ్చిగ భాగం పోతది గదా, సి సంవత్సరం, లూకా అని ధీమాగ లూకా 21 తయారు చేసుకున్న, సూర్యచంద్ర నక్షత్రాలల్ల గుర్తులు, సముద్రపు హోరు, అంతా మంచిగ రాసుకున్న. పైగా అది అంతకుముందు ఏడాది నోట్‌బుక్‌ల ఉన్నదే, కొంచెం మార్చిన, అది వేరే సంగతి. పొద్దుగాల పూజకు పోతే ఫాదర్ చదివింది మత్తయి 24, నోవా కాలం, పొలంల ఇద్దరుంటే ఒకన్ని తీసుకపోవుడు, ఒకన్ని విడిచిపెట్టుడు. మాపటికి వార్డు ప్రార్థన, నా జేబుల నాలుగు పేజీలు, ఒక్క పేజీ కూడా పనికిరాలేదు. సముద్రం హోరు నా కడుపుల వినబడ్డది ఆ రోజు.

కాబట్టి లెక్క చేసినంక కూడా క్యాలెండర్‌తోని సరిచూసుకోండి. ఇంకో రెండు జాగ్రత్తలు.

కొన్ని పెద్ద పండుగలు ఆదివారం మీద పడితే పఠనాలు మారిపోతయి. 2026 నవంబర్ 1 ఆదివారమే, ఆ రోజు సకల పునీతుల పండుగ పఠనాలే. 2027 ఆగస్టు 15 కూడా ఆదివారం, మరియమాత మోక్షారోపణ పండుగ. బి సంవత్సరంల సామాన్య కాలం (ఆగమన, తపస్సు లాంటి ప్రత్యేక కాలాలు కాని మామూలు వారాలు) 17 నుంచి 21 దాకా ఐదు ఆదివారాలు యోహాను 6వ అధ్యాయమే వరుసగా నడుస్తది, ఐదు రొట్టెలు రెండు చేపలతోని మొదలై "ఎవరి దగ్గరికి పోవాలె ప్రభూ" అన్న పేతురు మాట దాకా. 2027ల ఆ 20వ ఆదివారం ఆగస్టు 15 మీద పడ్డది, అంటే నడుమల ఒక ముక్క లేకుంట పోతది. ఐదు వారాల సీరీస్ అని ప్లాన్ చేసుకునే యూత్ వాళ్ళు ఇప్పుడే రాసి పెట్టుకోండి.

రెండోది, మంచిర్యాల, ఆదిలాబాద్ దిక్కు ఉన్నోళ్ళకు. వరంగల్ మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) లాటిన్ రీతి, అంటే రోమా పద్ధతి, కానీ 1999ల ఏర్పడ్డ ఆదిలాబాద్ మేత్రాసనం సీరో మలబార్ వాళ్ళది, వాళ్ళూ కథోలికులే, ఆరాధన పద్ధతి వేరు. వాళ్ళ ఆరాధనా సంవత్సరం మంగళవార్త కాలంతోని మొదలైతది, కాలాల పేర్లు వేరు, పఠనాల పట్టిక వేరు. హన్మకొండల ఉన్న అక్క పంపిన పఠనాలు మంచిర్యాలల ఉన్న చెల్లెకు సరిపోకపోవచ్చు. మీ గుడిల ఏ పట్టిక వాడుతున్నరో ఫాదర్‌ను ఒక్కసారి అడిగి, అదే పట్టుకోండి.

2. సోమవారమే చదవండి, శనివారం కాదు

సోమవారం మాపటికి ఇరవై నిమిషాలు చాలు. ముందు సువిశేషం చదవండి, గట్టిగ, నోటితోని. మనసుల చదివితే కండ్లు జారిపోతయి, తెలిసిన కథే గదా అని. మూడుసార్లు చదవండి. మొదటిసారి ఊరికే. రెండోసారి ఎవరెవరున్నరు, ఎక్కడున్నరు, ఏ వేళ అది, ఎవరు మాట్లాడుతున్నరు అని చూసుకుంట. మూడోసారి మీకు ఎక్కడ అడ్డం తగిలిందో అక్కడ ఆగుకుంట.

తర్వాత మొదటి పఠనం, కీర్తన, రెండో పఠనం.

ఆ తర్వాత బైబిల్ తెరిచి సువిశేష భాగానికి ముందు పది వచనాలు, తర్వాత పది వచనాలు చదవండి. దీన్ని మాత్రం ఎగ్గొట్టకండి, సగం తప్పులు ఇక్కడనే దొరికిపోతయి. ఆగమన కాలం మొదటి ఆదివారం, బి సంవత్సరం, మార్కు 13:33-37. మెలకువగ ఉండుమని చెప్పే భాగం. దీని మీద మస్తు మంది లోకాంతం వచ్చేసింది, ఫలాన యుద్ధం అయితుంది, ఫలాన దగ్గర భూకంపం వచ్చింది, ఇగ అయిపోయింది అని భయపెడుతరు. ఒక్క వచనం వెనక్కి పోయి 32 చదవండి. ఆ రోజు, ఆ గడియ ఎవరికీ తెల్వదు, దేవదూతలకు తెల్వదు, కుమారునికి కూడా తెల్వదు, తండ్రికి మాత్రమే తెలుసు అని యేసే చెప్తుండు. అది చదివినంక తారీఖులు చెప్పే ధైర్యం ఎవనికి వస్తది?

వచనాల నంబర్ల గురించి ఒక ముచ్చట. కొన్ని పుస్తకాలల్ల ఒక్క వచనం అటుఇటు ఉంటది. అదే ఆదివారం మొదటి పఠనం యెషయా 63, 64 అధ్యాయాల నుంచి వస్తది, పట్టికల 64:7 అని ఉంటే మీ బైబిల్‌ల అది 64:8 కావచ్చు. నంబరు చూసి ఆగిపోకండి, "మేము మట్టి, నీవు కుమ్మరివి" అన్న మాట దాకా వచ్చిందా లేదా చూడండి, వస్తే సరైనదే. కీర్తనలకు కూడా ఇదే గొడవ, ఒక దగ్గర 80 అంటే ఇంకో పాత పుస్తకంల 79 ఉంటది.

3. ఒక్క మాట పట్టుకోండి, ఒక్కటే

నోట్‌బుక్‌ల మూడు ప్రశ్నలు రాసుకోండి. ఈ భాగంల నాకు వింతగ అనిపించింది ఏంది? నాకు అర్థం కానిది ఏంది? నాకు నచ్చనిది ఏంది? మూడోదానికి సిగ్గుపడకండి. పొలంల సమానంగ పని చేయనోనికి సమానంగ కూలి ఇచ్చిన యజమాని కథ (మత్తయి 20) మా దిక్కు ఏ పత్తి ఏరే ఆడమనిషికీ మొదటిసారి నచ్చదు. "గట్లెట్ల ఇస్తరు" అంటది. ఆ "గట్లెట్ల" దగ్గరనే ధ్యానం మొదలైతది, అది దాచిపెట్టి దేవుడు దయగలవాడు అని పైపైన చెప్తే ఎవరికీ తలకెక్కదు.

మార్కు 13నే చేసి చూపిస్త. నేను పట్టుకున్నది 35వ వచనం. ఇంటి యజమాని ఎప్పుడు వస్తడో తెల్వదు, సాయంత్రమో, నడిరాత్రో, కోడి కూసే యాల్లనో, పొద్దుగాలనో. నాలుగు వేళలు ఎందుకు చెప్పిండు? రోమా వాళ్ళు రాత్రిని నాలుగు జాములుగ పంచి కావలి కాసేటోళ్ళు, అది ఒకటి. ఇగ పేజీ తిప్పి మార్కు 14 చదవండి. సాయంత్రం శిష్యులతోని కడపటి విందు. రాత్రి గెత్సేమనిల యేసు ప్రార్థన చేస్తుంటే శిష్యులు పడుకున్నరు. కోడి కూసే యాల్లకు పేతురు ఆయన ఎవరో నాకు తెల్వదన్నడు. పొద్దుగాల, 15వ అధ్యాయం మొదటి వచనం, యేసును పిలాతుకు అప్పగించిన్రు. నాలుగు జాముల్లో యజమాని రానే వచ్చిండు, మెలకువగ ఉన్నోడే లేడు. నాకు ఇది మొదటిసారి కనబడ్డప్పుడు చదువుడు ఆపి చానాసేపు గట్లనే కూసున్న.

ఇదంతా మీరు చెప్పాల్సిన పని లేదు. ఇందుల ఒక్కటి చాలు. మిగతావి నోట్‌బుక్‌ల ఉండనీయండి, మూడేండ్లకు మళ్ళీ బి సంవత్సరం వస్తది గదా.

4. మిగతా పఠనాలను ఎంతవరకు కలపాలె

సామాన్య కాలంల మొదటి పఠనాన్ని సువిశేషానికి జతగనే ఎంచి పెట్టిన్రు, కాబట్టి రెండింటి మధ్యల ఒక దారం ఉంటది, వెతకండి దొరుకుతది. రెండో పఠనం మాత్రం దాని తోవ దానిది, పౌలుదో ఇంకో అపొస్తలునిదో ఉత్తరం ఒకటి పట్టుకొని వారం వారం కొంచెం కొంచెం పోతుంటది, దాన్ని బలవంతంగ సువిశేషానికి ముడి వేయకండి. మూడింటిని కలపబోయి మూడూ చెడగొట్టినోళ్ళను మస్తు మందిని చూసిన. ఆగమన కాలం, తపస్సు కాలం, పాస్క కాలంల అయితే మూడూ ఆ కాలానికి తగ్గట్టే ఉంటయి, అక్కడ కలుపొచ్చు. పాస్క కాలంల మొదటి పఠనం పాత నిబంధన నుంచి రాదు, అపొస్తలుల కార్యాల నుంచి వస్తది, తడబడకండి.

కీర్తనను మాత్రం మర్చిపోకండి. చెప్పడం అయిపోయినంక ఏం ప్రార్థన చేయాలెనో తెల్వకుంటే కీర్తన పల్లవినే ముగ్గురు నలుగురితోని మెల్లగ చెప్పించండి. అంతకన్నా మంచి ప్రార్థన మనం అప్పటికప్పుడు అల్లలేం.

5. ఈ వారం మన ఊరి నుంచి ఒక్కటి తెచ్చుకోండి

బుధవారం, గురువారం ఏం రాయకండి, ఆ పట్టుకున్న మాటను వెంట తిప్పుకోండి. బస్సుల, పొలం కాడ, షిఫ్టుల, వంటింట్ల. ఎక్కడో ఒక దగ్గర అది దేనికో తగులుతది.

నాకైతే ఆ మార్కు భాగం ఐకేపీ సెంటర్ (సర్కారు వడ్లు కొనే దగ్గర) కాడ తగిలింది. నవంబర్ నెల అంటే వానాకాలం వడ్లు వచ్చే టైం. మా చుట్టం ఒకాయన కుప్ప పోసి పదకొండు రోజులైంది, కాంటా అయితలేదు. తేమ 17 శాతం దాటితే తీసుకోరు, మిషన్ పెడితే ఒకరోజు 19, ఒకరోజు 18, పొద్దంతా కాళ్ళతోని కలియదిప్పుడు, మాపటికి కుప్ప చేసి టార్పాలిన్ కప్పుడు. రాత్రి అన్నం ఇచ్చి వద్దామని పోయిన. కుప్ప పక్కన మంచం, మంచం కింద టార్చిలైట్, ఆయన నిద్రపోతలేడు, మొగులు దిక్కు చూస్తుండు. "వాన ఎప్పుడొస్తదో చెప్పి వస్తదా" అన్నడు. నడిజాముల టార్పాలిన్ కొస గాలికి లేచి కొట్టుకున్నది, నాకు వినబడకముందే ఆయన లేచి రాయి పెట్టిండు.

ఆదివారం వార్డు ప్రార్థనల నేను గా రాయి ముచ్చట చెప్పిన. మెలకువ అంటే భయపడి కూసునుడు కాదు, కొస లేస్తే వినబడేంత దగ్గర పండుకొనుడు అన్న. వినేటోళ్ళల్ల సగం మంది కుప్పలు అప్పటికి సెంటర్ కాడనే ఉన్నయి, ఇంకేం వివరించాల్సిన పని పడలే.

మీది వేరే ఉంటది. సింగరేణి దిక్కు అయితే నైట్ షిఫ్ట్ ఉన్నోళ్ళకు నాలుగు జాములు నేను చెప్పాల్నా? కాజీపేటల రైల్వే వాళ్ళకు, ఎంజీఎం దవాఖాన్ల పేషెంట్ పక్కన పండుకున్నోళ్ళకు, గల్ఫ్‌ల ఉన్న కొడుకు ఫోన్ కోసం చూసే తల్లికి, ఎవరికి వాళ్ళకు ఒక కుప్ప ఉంటది.

హెచ్చరిక, దీన్ని రెండుసార్లు చదవండి. పక్కింటోళ్ళ కథ చెప్పకండి. పేరు చెప్పకున్నా చిన్న వార్డుల అందరికీ తెలుస్తది. నేనొకసారి తాగుబోతు కొడుకు ముచ్చట, ఊరు మార్చి, పేరు లేకుంట చెప్పిన, తప్పిపోయిన కుమారుని కథకు జత చేద్దామని. రెండో వరుసల ఒక పెద్దమ్మ కొంగు నోట్ల పెట్టుకొని తల దించింది, మళ్ళీ మూడు నెలలు వార్డు ప్రార్థనకు రాలే. మీ సొంత ముచ్చట చెప్పండి, లేకుంటే అందరికీ కనబడేది చెప్పండి.

6. శుక్రవారం రాయండి

రెండు పేజీలు దాటొద్దు. ఫ్రాన్సిస్ పాపుగారు 2024 జూన్‌ల ప్రసంగం ఎనిమిది నిమిషాలు దాటొద్దని ఫాదర్లకే చెప్పిండు, మనకు ఐదారు నిమిషాలు చాలు.

రాసేటప్పుడు నేను పాటించే వరుస ఇది: ముందు ఊరి నుంచి తెచ్చిన ముచ్చట, లేదంటే ఆ వింతగ అనిపించిన ప్రశ్న. తర్వాత సువిశేషంల ఆ మాట ఎక్కడుందో చూపియ్యాలె, వీలైతే ఆ వచనం మళ్ళీ చదవాలె. తర్వాత ఈ వారం చేయదగ్గ పని ఒక్కటి, చిన్నది, "ప్రేమగా ఉందాం" లాంటిది కాదు. "ఆదివారం దాకా రోజూ రాత్రి ఫోన్ పక్కన పెట్టి పది నిమిషాలు ఇంట్లోళ్ళందరం ఒక్క దగ్గర కూసుందాం" లాంటిది. ఆ తర్వాత ఒక నిమిషం మౌనం. మౌనంల మీరే గొంతు సవరించుకోకండి, ఒక నిమిషం అందరూ ఓర్చుకుంటరు.

భాష మీరు రోజూ మాట్లాడేదే రాయండి. పవిత్ర గ్రంథంల "జాగరూకులై" అని ఉంటే ఆ మాట చదవండి, కానీ చెప్పేటప్పుడు మెలకువ అనండి. కొందరికి మైకు పట్టంగనే గొంతు మారిపోతది, లేని ప్రాసలు వస్తయి, ప్రతి వాక్యానికి ఒక "ప్రియమైన సహోదరీ సహోదరులారా" వస్తది. ఒక్కసారి చాలు.

7. శనివారం ఒకరికి చెప్పి చూడండి

టైం పెట్టుకొని ఇంట్ల ఎవరికన్నా గట్టిగ చెప్పండి. అయినంక ఒక్కటే ప్రశ్న, "నేనేం చెప్పిన?" వాళ్ళు ఒక్క వాక్యంల చెప్పగలిగితే మీది అయిపోయినట్టే. "మంచిగ చెప్పినవ్" అంటే కాలేదన్నట్టు. మా చిన్నోడు ఒకసారి "మూడు చెప్పినవ్ నాయినా, రెండు మర్చిపోయిన" అన్నడు. రెండు కొట్టేసిన.

టైం లేనోళ్ళకు, చదువు రానోళ్ళకు

నైట్ షిఫ్టులుండి వారమంతా చేయలేనోళ్ళు రెండుసార్లు మాత్రం చదవండి, ఒకసారి సోమవారం, ఒకసారి శనివారం, నడుమల ఏం చేయకండి. ఆ నడుమ నాలుగు రోజులు పని అదే చేసుకుంటది.

చదువు రాని పెద్దోళ్ళుంటే పిల్లలతోని చదివించుకోండి. పిల్లలు తప్పు చదువుతరు, ఆగుతరు, ఆ ఆగిన దగ్గరనే పెద్దోళ్ళు అడుగుతరు. మా వార్డుల అక్షరం ముక్క రాని ఒక అవ్వ అడిగే ప్రశ్నలు నాకు రావు.

ఇంట్లోళ్ళ మట్టుకే అయితే రాసుడే వద్దు. సువిశేషం చదవండి, ఒక్కొక్కరు తమకు తగిలిన ఒక్క మాట చెప్పండి, ఎవ్వరూ వివరణ ఇయ్యొద్దు, కీర్తన పల్లవి చెప్పి పరలోక జపం చేసుకోండి. పదిహేను నిమిషాలు.

ఎక్కువగ జరిగే తప్పులు

ఆగమన కాలం మొదటి రోజే క్రిస్మస్ చేసేయడం. స్టార్ కట్టిన్రు, కేకు ఆర్డర్ ఇచ్చిన్రు, సరే, కానీ మొదటి ఆదివారం పఠనంల పసిబాలుడు లేడు, పశువుల పాక లేదు. ప్రభువు మళ్ళీ వచ్చుడు గురించే ఉంటది, రెండో, మూడో ఆదివారాలు బప్తిస్మ యోహాను, నాలుగో ఆదివారం గానీ మరియ తల్లి ఇంటికి రాము. పఠనం ఏది చెప్తే అదే చెప్పండి, పాక దగ్గరికి డిసెంబర్ 24 రాత్రి ఎట్లాగో పోతం.

బప్తిస్మ యోహానును, సువిశేషం రాసిన యోహానును కలిపేయడం. బి సంవత్సరం మూడో ఆదివారం ఇది తప్పకుంట జరుగుతది, ఎందుకంటే ఆ రోజు సువిశేషం యోహానుది, దాంట్ల కథ బప్తిస్మ యోహానుది.

పరిసయ్యులను తిడుతూ యూదులందరినీ తిట్టుడు. యేసు, మరియ తల్లి, పన్నెండు మంది అపొస్తలులు అందరూ యూదులే అని యాదికి పెట్టుకోండి. అట్లనే ఇక్కడ మన పక్కింటోళ్ళ బతుకమ్మనో, మేడారం జాతరనో ఎత్తిపొడుసుడు వద్దు. వార్డు ప్రార్థన వాకిట్ల జరుగుతది, గోడ అవతల వింటుంటరు, రేపు పొద్దుగాల మళ్ళీ వాళ్ళతోనే గదా పాలు, పసుపు, పెండ్లి పిలుపులు.

వాట్సాప్‌ల వచ్చింది, ఏఐ రాసింది తెచ్చి చదువుడు. సమాచారం కోసం చూసుకోండి, తప్పు లేదు, కానీ మీరు చదివి మీరు రాసుకున్నంక చూడండి. ముందే చూస్తే మీ కండ్లకు వాళ్ళ అద్దాలు పడుతయి. పైగా ఆ వీడియో వేరే సంవత్సరానిది అయ్యుంటది, 2022ల నా లెక్క అయితది మీది.

మంచిగ అయిందా లేదా ఎట్ల తెలుసుకోవాలె

అయినంక చప్పట్లు, షేక్‌హ్యాండ్లు లెక్కకు రావు. బుధవారం దాకా ఆగండి. ఎవరన్నా ఇంకా ఆ వచనం గురించి మాట్లాడితే అయినట్టు. మీ గురించి మాట్లాడితే, మంచిగ చెప్పిండు, గొంతు బాగుంది అని, కానట్టు. ఇంకోటి, మీరు చెప్పిన ఆ చిన్న పని మీరు చేసిన్రా? నేను చాలాసార్లు చేయలే, అందుకే నోట్‌బుక్‌ల దాని పక్కన ఒక టిక్కు పెట్టుకుంట, టిక్కు లేకుంటే వచ్చే వారం ఆ మాటనే మళ్ళీ పట్టుకుంట.

నోట్‌బుక్‌ను ఏ, బి, సి అని మూడు భాగాలు చేసుకోండి. మూడేండ్లకు అదే ఆదివారం మళ్ళీ వచ్చినప్పుడు పాత పేజీ తెరవకండి, కొత్తది రాసినంకనే తెరవండి. రెండూ ఒక్కతీరుగ ఉంటే మీరు ఈసారి చదవలేదన్నట్టు.

కొత్తగ మొదలుపెట్టేటోళ్ళకు, యూత్‌కు, ఒక మంచి రోజుంది. సామాన్య కాలం మూడో ఆదివారాన్ని దైవవాక్కు ఆదివారంగ జరుపుకోమని ఫ్రాన్సిస్ పాపుగారు 2019ల చెప్పిండు, 2027ల అది జనవరి 24. ఆ రోజు ఒక్కరికన్నా మీ వార్డుల అవకాశం ఇయ్యండి.

ఆలోపు 2026 ఆగమన కాలం నాలుగు ఆదివారాలవి ఇక్కడనే ఇస్తున్న, బి సంవత్సరం, లాటిన్ రీతి, మీ క్యాలెండర్‌తోని సరిచూసుకొని రాసుకోండి:

నవంబర్ 29: యెషయా 63, 64 నుంచి, కీర్తన 80, 1 కొరింతీయులు 1:3-9, మార్కు 13:33-37.
డిసెంబర్ 6: యెషయా 40:1-5, 9-11, కీర్తన 85, 2 పేతురు 3:8-14, మార్కు 1:1-8.
డిసెంబర్ 13: యెషయా 61:1-2, 10-11, కీర్తన బదులు లూకా 1 నుంచి మరియ తల్లి పాడిన స్తోత్రగీతం, 1 తెస్సలోనికయులు 5:16-24, యోహాను 1:6-8, 19-28.
డిసెంబర్ 20: 2 సమూయేలు 7 నుంచి, కీర్తన 89, రోమీయులు 16:25-27, లూకా 1:26-38.

సోమవారం అంటే నవంబర్ 23, క్రీస్తురాజు పండుగ తెల్లారి. ఆ రోజు మాపటికి మార్కు 13 తెరిచి పెట్టుకోండి.